మూడు మైళ్లంటే ఎన్ని సెకన్లు?

శిక్షణలో ఉన్న పైలట్లు, ఏరోనాటికల్ ఇంజినీరింగ్ విద్యార్థులు, వారి తల్లిదండ్రుల ఎదుట ఒక విమాన శిక్షకుడు చేసిన ప్రసంగ పాఠం

పెద్దలకు నమస్కారం, విద్యార్థులకు ఆశీస్సులు.

ఈ సాయంత్రం నేను ప్రధానంగా ఒకే ఒక్క ప్రమాదం గురించి మాట్లాడతాను. మధ్యలో మరికొన్ని ప్రమాదాల ప్రస్తావన వస్తుంది కానీ, అవన్నీ ఈ మొదటిదాన్ని సరిగా అర్థం చేసుకోవడానికే. కాలిఫోర్నియాలో మాంటెరే అఖాతం దగ్గర, శాంటాక్రూజ్‌కు దిగువన, స్ట్రాబెర్రీ తోటల మధ్య వాట్సన్‌విల్ అనే ఊరు ఉంది. ఆ ఊరి మునిసిపల్ విమానాశ్రయంలో 2022 ఆగస్టు 18న, మధ్యాహ్నం మూడు గంటలకు నాలుగు నిమిషాల ముందు, దిగడానికి వస్తున్న రెండు చిన్న విమానాలు రన్‌వేకు మైలు లోపు దూరంలో, నేలకు సుమారు 150 అడుగుల ఎత్తులో ఢీకొన్నాయి. ఒక విమానంలో పైలట్ ఒక్కరే ఉన్నారు, రెండోదానిలో ఇద్దరు ఉన్నారు. ముగ్గురూ చనిపోయారు. వారితో పాటు విమానంలో ఉన్న ఒక కుక్క కూడా చనిపోయింది.

అది పట్టపగలు. మబ్బుల్లో దారి తప్పినవారు గానీ, రేడియో పాడైనవారు గానీ అందులో ఎవరూ లేరు. ఇద్దరు పైలట్లూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద మాట్లాడారు. ఒకరి మాట ఒకరు విన్నారు, విని జవాబు కూడా చెప్పుకున్నారు. చివరి నిమిషం మొత్తంలో, ఎదుటి విమానం అక్కడ ఉందన్న సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా ఢీకొన్నారు. ఎన్నో ప్రమాదాలు ఉండగా దీన్నే ఎంచుకోవడానికి కారణం అదే. రేడియోలో చెప్పి ఉంటే సరిపోయేది అని మనం తరచుగా అనుకుంటాం. ఇక్కడ చెప్పారు, సరిపోలేదు.

కంట్రోల్ టవర్ లేని విమానాశ్రయం అంటే ఏమిటో తల్లిదండ్రుల కోసం కొంచెం చెప్పాలి. శంషాబాద్‌లోనో గన్నవరంలోనో విమానం దిగాలంటే టవర్‌లో కూర్చున్న అధికారి అనుమతి ఇవ్వాలి. ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది ఆయన నిర్ణయిస్తాడు. టవర్ లేనిచోట ఆ నిర్ణయం చేసేవాడు ఉండడు. అలాంటి చోటు ఏదో వెనుకబడిన ప్రాంతంలో ఉంటుందని అనుకోకండి. అమెరికాలో ప్రజలు వాడుకునే విమానాశ్రయాలు దాదాపు 5,000 ఉంటే, టవర్ ఉన్నవి 500 దరిదాపుల్లోనే. మిగిలిన అన్నిచోట్లా పైలట్లే ఒక ఉమ్మడి ఫ్రీక్వెన్సీలో తాము ఎక్కడ ఉన్నామో, ఏం చేయబోతున్నామో చెప్పుకుంటూ, ఒకరినొకరు కళ్లతో వెతుక్కుంటూ ఎక్కుతారు, దిగుతారు. అదే ఫ్రీక్వెన్సీని చుట్టుపక్కల మరికొన్ని ఊళ్ల విమానాశ్రయాలు కూడా వాడుకుంటాయి కాబట్టి, ప్రతి పిలుపుకూ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ఊరి పేరు చెప్పాలి. ఇలాంటి చాలా విమానాశ్రయాల్లో రేడియో ఉండి తీరాలన్న చట్టం కూడా లేదు. రేడియోయే లేని పాత విమానం ఒకటి మన ముందు దిగుతూ ఉండవచ్చు, అది దాని హక్కు.

ఈ ఏర్పాటు ఇంతకాలంగా నడుస్తున్నదంటే అందుకు మూలం ట్రాఫిక్ ప్యాటర్న్ అనే ఒక దీర్ఘచతురస్రం. రన్‌వే పక్కగా, సాధారణంగా నేలకు 1,000 అడుగుల ఎత్తున, దిగే దిశకు ఎదురుగా సాగే పొడవాటి అంచు డౌన్‌విండ్. అక్కడి నుంచి ఎడమకు తిరిగితే పొట్టి అంచు బేస్. మళ్లీ ఎడమకు తిరిగితే రన్‌వేకు నేరుగా ఫైనల్. గుడి చుట్టూ ప్రదక్షిణ చేసేటప్పుడు గుడి మనకు కుడివైపు ఉంటుంది. ఇక్కడ అందుకు విరుద్ధంగా రన్‌వే పైలట్‌కు ఎడమవైపు ఉంటుంది, ఎందుకంటే కెప్టెన్ ఎడమ సీటులో కూర్చుంటాడు. అందరూ ఒకే దారిలో, ఒకే ఎత్తులో, ఒకే వైపుకు తిరుగుతారు కాబట్టి ఎవరిని ఎక్కడ వెతకాలో అందరికీ తెలుస్తుంది. ఆకాశమంతా వెతకనవసరం లేదు, ఒక గీత వెంట చూస్తే చాలు. ఈ దీర్ఘచతురస్రం చేసే మేలు అదే, నా దృష్టిలో రేడియో చేసే మేలు కంటే ఇది పెద్దది.

కానీ ఈ దారిలోకి రాకుండా, దూరం నుంచే రన్‌వేకు సూటిగా వచ్చి దిగడం కూడా నిషిద్ధం కాదు. దాన్ని స్ట్రెయిట్-ఇన్ అంటారు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ తన సలహా పత్రంలో ప్యాటర్న్‌లోనే చేరమని ప్రోత్సహిస్తుంది, నేరుగా వచ్చేవారు ప్యాటర్న్‌లో ఉన్నవారి ప్రవాహానికి అడ్డు రాకూడదని చెబుతుంది, అంతేగానీ ఎలా చేరాలన్నదాన్ని చట్టంతో కట్టడి చేయలేదు.

వాట్సన్‌విల్‌లో ఆ రోజు ప్యాటర్న్‌లో తిరుగుతున్నది సెస్నా 152. మీలో సగం మంది దానిలోనే నేర్చుకుంటున్నారు. రెండు సీట్లు, ఒక ఇంజిన్, రెక్క నెత్తిమీద. పూర్తి బరువు 760 కిలోలకు లోపే. ఆ పైలట్ దిగి, ఆగకుండానే మళ్లీ ఎగిరే టచ్ అండ్ గో సాధన చేస్తున్నారు. నేరుగా వస్తున్నది సెస్నా 340. రెండు ఇంజిన్లు, ఆరు సీట్లు, రెక్క కింద, బరువు 2,700 కిలోల వరకు. రెండూ ఒకే కంపెనీ తయారు చేసినవే గానీ, ఒకటి ఎద్దుబండి అయితే రెండోది ఎక్స్‌ప్రెస్ బస్సు. సెస్నా 152 దిగేటప్పుడు 60, 65 నాట్లతో వస్తుంది. సెస్నా 340 తరహా విమానం దిగేటప్పుడు మామూలుగా 120 నాట్ల దరిదాపుల్లో ఉండాలి. ఆ రోజు అది రన్‌వేకు మూడు మైళ్ల దూరంలో 180 నాట్ల వేగంతో ఉంది. గంటకు 333 కిలోమీటర్లు. ఆ వేగంలో దాని చక్రాలు దించడానికి కూడా వీలుండదు.

రేడియోలో ఏం జరిగిందో చెబుతాను. పది మైళ్ల దూరంలో ఉండగా పెద్ద విమానం పైలట్ తాను నేరుగా 20 అనే నంబరున్న రన్‌వేకు వస్తున్నానని ప్రకటించాడు. చిన్న విమానం పైలట్ ప్యాటర్న్‌లో తన స్థానం చెబుతూనే ఉన్నాడు. తర్వాత పెద్ద విమానం నుంచి మూడు మైళ్లు అన్న మాట వచ్చింది. చిన్న విమానం ఎడమ బేస్‌కు తిరుగుతున్నానని చెప్పింది. పెద్ద విమానం పైలట్ ఒక మైలు దూరంలో ఉన్నానని, బేస్‌లో ఉన్న విమానం కోసం చూస్తున్నానని అన్నాడు. చిన్న విమానం పైలట్ తన వెనుక అది కనిపిస్తున్నదని చెప్పి, కొద్దిసేపటికే, చాలా వేగంగా మీదికి వస్తున్నావు కాబట్టి నేను దిగకుండా మళ్లీ పైకి లేచిపోతున్నానని, అంటే గో అరౌండ్ చేస్తున్నానని ప్రకటించాడు. ఆ తర్వాత మాటలు లేవు. పెద్ద విమానం విమానాశ్రయంలోనే ఒక హ్యాంగర్ మీద పడింది, చిన్నది రన్‌వే పక్క గడ్డిలో పడింది.

ఈ మాటల్లో తప్పు మాట ఒక్కటి కూడా లేదు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, స్థానం తప్పుగా చెప్పలేదు. అయితే లోపం ఎక్కడ ఉంది? మనం ఇంట్లో రోజూ చేసే పని ఒకటి గుర్తు చేస్తాను. వంట చేసి పెట్టి ఎదురుచూస్తున్న అమ్మ ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చావురా అని అడుగుతుంది. పొలిమేర దాటానమ్మా అని మనం అంటాం. మనం నడిచి వస్తున్నామో, బైకు మీద వస్తున్నామో తెలియకపోతే అన్నం ఎప్పుడు వడ్డించాలో ఆమెకు తెలియదు. పొలిమేర అన్నది చోటు. ఆమెకు కావలసింది సమయం.

మూడు మైళ్లు అన్నది కూడా చోటే. నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు కాబట్టి లెక్క సులభం: 60 నాట్లంటే నిమిషానికి ఒక మైలు, 120 అయితే నిమిషానికి రెండు, 180 అయితే మూడు. మూడు మైళ్ల దూరం సెస్నా 152కు మూడు నిమిషాలు. మామూలు వేగంతో వచ్చే సెస్నా 340కి నిమిషంన్నర. ఆ రోజు వచ్చిన విమానానికి సరిగ్గా ఒక నిమిషం. ఇక రెండో వైపు చూడండి. బేస్‌కు తిరిగిన సెస్నా 152 ఆ పొట్టి అంచు దాటి, ఫైనల్‌లోకి తిరిగి, రన్‌వే చేరడానికి మామూలు ప్యాటర్న్‌లో నా అంచనా ప్రకారం నిమిషానికి కాస్త పైనే పడుతుంది. అంటే రెండు విమానాలూ ఒకే చోటికి ఒకే సమయానికి చేరేలా లెక్క అప్పటికే కుదిరిపోయింది. వచ్చేది నిమిషంన్నర దూరంలో ఉందని అనుకున్నవాడికి బేస్ తిరగడం కాస్త ఇరుకైనా సాధ్యమయ్యే పనిగానే కనిపిస్తుంది. ఆ పైలట్ మనసులో ఏముందో నేను చెప్పలేను, చెప్పడం న్యాయం కూడా కాదు. కానీ మూడు మైళ్లన్న మాట విన్న ఏ పైలట్ అయినా తనకు తెలిసిన వేగాన్నే దానికి జోడించుకుంటాడని, ఇన్నేళ్లుగా కుడి సీటులో కూర్చొని విద్యార్థులను గమనిస్తున్నవాడిగా చెప్పగలను. నేర్చుకుంటున్న విద్యార్థికి తెలిసిన వేగం 65 నాట్లే.

చూసి తప్పించుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. చట్టం కూడా అదే అంటుంది. అయితే చూడడం అన్నది ఎంతసేపటి పనో ఇక్కడే తెలుసుకుందాం. ఎఫ్ఏఏ సలహా పత్రం ఒకటి దీన్ని సెకన్లలో విడగొట్టి ఇచ్చింది: వస్తువు కంటబడడానికి 0.1 సెకను, అది విమానమని గుర్తించడానికి 1, అది మన మీదికే వస్తున్నదని గ్రహించడానికి 5, ఏ వైపు తిరగాలో తేల్చుకోవడానికి 4, చేయి కదలడానికి 0.4, విమానం ఆ కదలికకు స్పందించడానికి 2. అన్నీ కలిపి 12.5 సెకన్లు. దయచేసి అందరూ ఒకసారి మౌనంగా ఉండండి, నేను గడియారం చూసి చెబుతాను.

(మౌనం)

ఇంతే. ఇంత సేపట్లో, ఒకే దారిలో ముందు 60 నాట్లతో ఒకటి, వెనుక 180 నాట్లతో ఒకటి వస్తుంటే, వాటి మధ్య దూరం సుమారు 770 మీటర్లు తగ్గిపోతుంది. అంటే తప్పించుకోవాలంటే కనీసం 770 మీటర్ల దూరంలోనే కనిపించాలి. సెస్నా 152 రెక్కల పొడవు ఈ కొస నుంచి ఆ కొసకు పది మీటర్ల పైచిలుకు. మీ చేతిని ముందుకు చాపి చిటికెన వేలి గోరు చూడండి. 770 మీటర్ల దూరంలో ఆ విమానం ఆ గోరు వెడల్పు కంటే కొంచెం తక్కువే ఉంటుంది, అదీ రెక్కల పొడవు మాత్రమే. వెనుక నుంచి చూస్తే ఆ రెక్క సన్నని గీత. అంతకు మరో 12 సెకన్ల ముందు అది పెసరగింజంత. దాని వెనుక పొలాలు, ఇళ్ల కప్పులు, రోడ్లు ఉంటాయి. ఆ పెసరగింజను వెతకాల్సిన మనిషి అదే సమయంలో వేగం తగ్గించుకోవాలి, రన్‌వే చూసుకోవాలి, రేడియోలో మాట్లాడాలి.

ఇందులో మరో చిక్కు ఉంది. ఢీకొనే దారిలో ఉన్న రెండు విమానాలు నిలకడైన వేగంతో, సూటిగా సాగుతున్నంతసేపు, ఒకదాని అద్దంలో మరొకటి కదలకుండా ఒకేచోట ఉంటుంది. మన కన్ను కదిలేదాన్ని పట్టుకుంటుంది, కదలనిదాన్ని వదిలేస్తుంది. అద్దానికి అంటుకొని చచ్చిన పురుగు మచ్చలాగా అది అక్కడే ఉండి, చాలాసేపు పెరగనట్టే ఉండి, చివరి రెండు మూడు సెకన్లలో ఒక్కసారిగా అద్దమంతా నిండిపోతుంది. అందుకే విద్యార్థులకు నేను ఒక మాట పదే పదే చెబుతాను: కదులుతున్న విమానం మీకు శత్రువు కాదు, అద్దంలో కదలకుండా నిలబడినదాని సంగతి చూడండి. కంటిలో స్పష్టంగా చూసే భాగం చాలా చిన్నది కాబట్టి చూపును అటూ ఇటూ తిప్పేస్తే లాభం లేదు. పది డిగ్రీల చొప్పున ఆకాశాన్ని ముక్కలుగా చేసుకొని, ఒక్కో ముక్క మీద కనీసం ఒక సెకను చూపు నిలపాలి.

రెక్క నెత్తిమీద ఉన్న విమానంలో పైన ఉన్నది కనబడదు, రెక్క కింద ఉన్న విమానంలో కింద ఉన్నది కనబడదు. ఫైనల్‌లో కింద, ముందు సెస్నా 152, దానికి వెనుక, కాస్త పైన సెస్నా 340 లాంటిది వస్తుంటే రెండూ ఒకదాని మరుగులో మరొకటి ఉండే అవకాశం ఎక్కువ. కారుకు ఉన్నట్టు వెనుకనున్నదాన్ని చూపే మిర్రర్ కూడా చిన్న విమానానికి లేదు. తన వెనుక ఉన్నదాని వేగాన్ని మెడ తిప్పి చూసి అంచనా వేయడం ఎవరి తరమూ కాదు.

అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి దర్యాప్తు చేసి, నేరుగా దిగడానికి వస్తున్న రెండు ఇంజిన్ల విమానం పైలట్ ఒంటి ఇంజిన్ విమానాన్ని చూసి తప్పించుకోలేకపోవడమే కారణమని తేల్చింది. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. అంత వేగంతో ప్యాటర్న్‌లోకి దూసుకురావడం ఆ పైలట్ చేసిన పనే, బాధ్యత అక్కడే మొదలవుతుంది. కానీ అదే మండలి 2019 మే 13న అలాస్కాలోని కెచికన్ దగ్గర పర్యాటకులను తీసుకెళ్తున్న రెండు సముద్ర విమానాలు ఢీకొని ఆరుగురు చనిపోయినప్పుడు, కారణాన్ని పైలట్ల మీద కాకుండా, చూసి తప్పించుకోవాలన్న సూత్రానికే ఉన్న సహజమైన పరిమితుల మీద పెట్టింది. ఈ రెండు నివేదికలనూ పక్కపక్కన పెట్టుకొని చదవమని విద్యార్థులకు నా మనవి. మానవ నేత్రం కెచికన్‌లో ఎంత అశక్తమో వాట్సన్‌విల్‌లోనూ అంతే అశక్తం. తేడా అంతా కంటికి ఆ పరీక్ష వచ్చేదాకా ఎవరు ఏం చేశారన్నదానిలో ఉంది.

దారి హక్కు గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రమాదం తర్వాత పైలట్ల మధ్య జరిగిన వాదనంతా దాని చుట్టూనే తిరిగింది. ఫైనల్‌లో ఉన్న విమానానికి మిగతావాటి కంటే ముందు హక్కు ఉందని అమెరికా నియమం చెబుతుంది. రెండు విమానాలు దిగడానికి వస్తుంటే తక్కువ ఎత్తులో ఉన్నదానికి హక్కు ఉందనీ, అయితే ఆ హక్కును అడ్డం పెట్టుకొని ఫైనల్‌లో ఉన్న మరో విమానం ముందుకు చొరబడకూడదనీ అదే నియమం చెబుతుంది. మూడు మైళ్ల దూరంలో సూటిగా ఉన్నవాడు ఫైనల్‌లో ఉన్నట్టేనా? ప్యాటర్న్‌లో ముందు నుంచీ తిరుగుతున్నవాడు చొరబడినట్టా? ఈ వాదన కోర్టులో పనికొస్తుంది. 150 అడుగుల ఎత్తులో ఎవరికీ పనికి రాదు. హక్కు నాదే అనుకొని ముందుకు వెళ్లే పైలట్, ఎదుటివాడు కూడా అదే అనుకుంటున్నాడేమో అని ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి.

విన్నదాన్ని నమ్మడంలో ఉన్న ప్రమాదానికి ఇంతకంటే బాధ కలిగించే ఉదాహరణ ఇంకొకటి ఉంది. మన పెద్దలకు 1996 నవంబరు 12 గుర్తుండే ఉంటుంది. హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ, కజకిస్తాన్ విమానాలు ఢీకొని 349 మంది చనిపోయారు. ఆ వార్తల హోరు ఇంకా తగ్గకముందే, సరిగ్గా వారానికి, నవంబరు 19న అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని క్విన్సీ అనే టవర్ లేని విమానాశ్రయంలో ఒక చిన్న ప్రయాణికుల విమానం దిగి పరుగెత్తుతుండగా, దానికి అడ్డంగా ఉన్న రన్‌వే మీద కింగ్ ఎయిర్ అనే రెండు ఇంజిన్ల చిన్న విమానం ఎగరడానికి పరుగెత్తింది. ఇది గాలిలో జరిగింది కాదు, రెండు రన్‌వేలు కలిసే చోట నేల మీద జరిగింది. దిగుతున్న విమానం సిబ్బంది చాలా జాగ్రత్తపరులు. రన్‌వే కొనలో ఉన్న కింగ్ ఎయిర్ ఆగి ఉంటుందా అని రేడియోలో అడిగారు. ఆగే ఉన్నానని జవాబు వచ్చింది. ఆ జవాబు ఇచ్చింది కింగ్ ఎయిర్ కాదు, దాని వెనుక వరుసలో నిలబడిన మరో చిన్న విమానం పైలట్. అదే క్షణంలో దిగుతున్న విమానంలో ఎత్తు చెప్పే యంత్రం గొంతు అడ్డుపడి, జవాబులోని కొంత భాగం వారికి వినిపించలేదు. వారు అడిగారు, జవాబు విన్నారు, నమ్మారు. ఢీకొన్న తర్వాత కూడా ప్రయాణికుల విమానంలోని పన్నెండు మంది ప్రాణాలతోనే ఉన్నారు. తలుపు తెరుచుకోలేదు. సాయానికి పరుగెత్తుకొచ్చినవారు బయటి నుంచి ఎంత ప్రయత్నించినా తెరవలేకపోయారు. పొగ వారిని చంపింది. రెండు విమానాల్లో కలిపి 14 మంది. కింగ్ ఎయిర్ పైలట్లు ఆ ఫ్రీక్వెన్సీని వినకపోవడం గానీ, రన్‌వే చుట్టూ సరిగా చూడకపోవడం గానీ కారణమని దర్యాప్తు తేల్చింది.

ఈ ప్రాంతంలో ఎవరైనా విమానాలుంటే చెప్పండి అని అందరినీ ఉద్దేశించి అడిగే అలవాటు కొందరికి ఉంది. ఎఫ్ఏఏ ఆ మాటను ఎట్టి పరిస్థితుల్లోనూ వాడవద్దని రాసిపెట్టింది. అందరూ ఒకేసారి జవాబిస్తే ఎవరిదీ వినబడదు, ఎవరూ జవాబివ్వకపోతే ఎవరూ లేరని అర్థం కాదు. ఆకాశంలో మౌనం అర్ధాంగీకారం కాదు.

యంత్రాల సాయం లేదా అంటే ఉంది. ఢీకొనే ముప్పును ముందే పసిగట్టి హెచ్చరించే, పెద్ద విమానాల్లో ఉండే టీకాస్ లాంటి వ్యవస్థ చిన్న విమానాల్లో ఉండదు. కానీ విమానం తన స్థానాన్ని, ఎత్తును, వేగాన్ని తానే ప్రసారం చేసేలా చేసే ఏడీఎస్-బీ అనే పరికరం ఇప్పుడు అందుబాటు ధరలోకి వచ్చింది. చేతిలోని ట్యాబ్లెట్ మీద చుట్టూ ఉన్న విమానాలు కనిపిస్తాయి. 2020 ఫిబ్రవరి 19న ఆస్ట్రేలియాలోని మంగలూర్ దగ్గర (ఇది మన కర్ణాటక మంగళూరు కాదు, విక్టోరియా రాష్ట్రంలోని చిన్న విమానాశ్రయం) రెండు శిక్షణ విమానాలు ఢీకొని నలుగురు చనిపోయారు. నియంత్రణ లేని ఆకాశంలో ఉన్నా, ఎదురుగా మరొకటి ఉన్నదన్న సమాచారాన్ని కంట్రోలర్ ముందే ఇచ్చాడు. ఆ సమాచారం ఉన్నా సరిపోలేదు. ఆ తర్వాతి కాలంలో, చిన్న విమానాల యజమానులు ఈ పరికరం కొనుక్కోవడానికి ఆ దేశ ప్రభుత్వం కొంత సొమ్ము తిరిగి ఇచ్చే పథకం తెచ్చింది. నా దృష్టిలో అది మంచి పని. దూరాన్ని చెవితో విని ఊహించుకోవడానికీ, వేగాన్ని అంకెలో చూడడానికీ తేడా వాట్సన్‌విల్ నిమిషంలో ఏమయ్యేదో మీరే లెక్క వేసుకోండి. అయితే ట్యాబ్లెట్‌లో కనిపించనిది లేదని అనుకునే విద్యార్థి కూడా నాకు ఎదురయ్యాడు. ఆ పరికరం లేని విమానం అందులో కనిపించదు. కాబట్టి తల వంచుకొని తెర చూస్తూ ప్యాటర్న్‌లో తిరగడం మరో కొత్త ప్రమాదం.

తల్లిదండ్రులారా, మీ పిల్లలు కెనడాకో అమెరికాకో శిక్షణకు వెళ్తే ఎక్కువ గంటలు గడిపేది ఇలాంటి విమానాశ్రయాల్లోనే. 2025 జూలై 8న కెనడాలోని మానిటోబాలో, స్టైన్‌బాక్ దగ్గర టవర్ లేని చిన్న విమానాశ్రయం వద్ద టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు సాధన చేస్తున్న ఇద్దరు విద్యార్థుల విమానాలు ఢీకొని ఇద్దరూ చనిపోయారు. వారిలో ఒకరు కేరళ నుంచి వెళ్లినవాడు. ఆ వార్త విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇద్దరూ ఒంటరిగా ఎగిరే స్థాయికి చేరినవారే. ఇక్కడ మన నాగార్జునసాగర్ పైన ఎగిరే శిక్షణ విమానం కానీ, అక్కడి ప్రెయిరీ మైదానాల మీద ఎగిరే విమానం కానీ, దానిలో కూర్చున్న పిల్లవాడి కంటికీ చెవికీ ఉన్న పరిమితి ఒక్కటే.

నేను విద్యార్థులకు ఏం నేర్పుతానో చెబుతాను. ఇవి నియమాలు కావు, నా పద్ధతి. మైళ్లు చెప్పినప్పుడు పక్కనే నిమిషాలు కూడా చెప్పమంటాను: మూడు మైళ్లు, ఒక నిమిషం. ఎదుటివాడు చెప్పకపోతే వేగం ఎంతని పేరు పెట్టి అడగమంటాను. అడగడం చిన్నతనం కాదు. మీరు ముందు దిగండి, నేను మీ వెనుక వస్తాను అన్న మాట ఎవరో ఒకరి నోట స్పష్టంగా వచ్చి, రెండోవాడు దాన్ని తిరిగి చెప్పేదాకా వరుస కుదిరినట్టు కాదంటాను. బేస్‌కు తిరిగేముందు ఎదుట ఎడమవైపు, అంటే ఫైనల్ దారి వెంట దూరం దాకా చూడకుండా స్టిక్ కదపవద్దంటాను. వేగంగా వచ్చే విమానం నడిపే రోజు వచ్చినప్పుడు పది మైళ్ల ముందే వేగం తగ్గించి, ప్యాటర్న్‌లో చేరమంటాను. దానికి మహా అయితే ఐదారు నిమిషాలు, కొన్ని లీటర్ల ఇంధనం ఖర్చు.

నిరుడు ఒక బ్యాచ్‌కు వాట్సన్‌విల్ ప్యాటర్న్‌ను తెల్లకాగితం మీద గీసి ఇచ్చాను. ఊరి పేరు చెప్పలేదు, ఏం జరిగిందో చెప్పలేదు. రేడియో మాటలు మాత్రం వరుసగా చదివాను, ప్రతి మాటకూ రెండు విమానాలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టి, రన్‌వే చేరడానికి ఇంకా ఎన్ని సెకన్లు పడుతుందో పక్కన రాయమన్నాను. ఒక అమ్మాయి మూడు మైళ్ల దగ్గర పెన్సిల్ ఆపి, "సార్, వేగం చెప్పలేదు, సెకన్లు ఎలా రాయాలి?" అని అడిగింది. 180 అని చెప్పాను. ఆమె 60 అని రాసింది. చిన్న విమానం దగ్గర 70 అని రాసింది. రెండు అంకెలనూ కాసేపు చూసి, బేస్ గీతను రబ్బరుతో చెరిపేసి, డౌన్‌విండ్ గీతను కాగితం అంచుదాకా పొడిగించింది. "ఇతను ఇంకా ముందుకే వెళ్లాలి సార్, ఆ విమానం తనను దాటిపోయేదాకా తిరగకూడదు" అంది. తర్వాత తల ఎత్తి, "కానీ ఆ 180 ఇతనికి ఎవరు చెప్పారు సార్?" అని అడిగింది.

ఎవరూ చెప్పలేదమ్మా అన్నాను. ఆమె చాలాసేపు ఆ కాగితం వైపే చూస్తూ కూర్చుంది.